మే నెల ఎండకు ఏ క్యాబినెట్? కోర్సెయిర్ 4000డి ఎయిర్‌ఫ్లో, దానికి చేయాల్సిన మార్పులు

కోర్సెయిర్ 4000డి పేరుతో దుకాణంలో రెండు రకాల కంప్యూటర్ క్యాబినెట్లు, అంటే భాగాలన్నీ బిగించే పెట్టెలు, ఉంటాయి. లోపలి చట్రం ఒకటే, కొలతలు ఒకటే, మరలూ ఒకటే. తేడా అంతా మూతిలో ఉంది. ఉత్త 4000డికి ముందువైపు నున్నటి రేకు, గాలి అంచుల్లోని సన్నటి సందుల్లోంచి దూరాలి. 'ఎయిర్‌ఫ్లో' అన్న తోక ఉన్నదానికి ముందంతా ముక్కోణపు చిల్లులు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా బిల్లు మీద '4000డి బ్లాక్' అని మాత్రమే ఉంటే డబ్బు కట్టకముందే అట్టపెట్టె మీది బొమ్మ చూసుకోండి. మన వాతావరణంలో నున్న మూతిది కొనడమంటే ముక్కు మూసుకుని మెట్లెక్కడమే.

ఈ సమీక్ష ఎయిర్‌ఫ్లో రకం గురించి. 2020లో వచ్చింది, తర్వాత అదే కంపెనీ ఫ్రేమ్ 4000డి కూడా తెచ్చింది. అయినా ఏడెనిమిది వేల రూపాయల ప్రాంతంలో దొరికినంత కాలం పాతదాన్ని కాదనడానికి కారణం లేదు. అయితే పెట్టెలోంచి తీసింది తీసినట్టే వాడితే దీని బలం సగమే అందుతుంది. అందుకే మార్పుల గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు ఒక లెక్క. క్యాబినెట్ దేన్నీ చల్లబరచదు. గదిలో ఉన్న గాలిని లోపలి భాగాలకు అందించి, వేడెక్కినదాన్ని బయటికి పంపుతుంది, అంతే. విదేశీ సమీక్షల్లో 'ప్రాసెసర్ 68 డిగ్రీలు' అని కనిపిస్తే ఆ గది ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉందని గుర్తుంచుకోవాలి. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 37 దగ్గర ఉంటుంది. అదే యంత్రం ఇక్కడ 83 చూపిస్తుంది. పైన మిగిలే జాగా తక్కువ: ఏఎండీ రైజెన్ 7000 వరసలో ఎక్కువ ప్రాసెసర్లకు 95, ఇంటెల్ 12 నుంచి 14వ తరం వరకు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలవుతుంది. కాబట్టి అంకెను ఒంటరిగా చూడొద్దు. అందులోంచి గది వేడి తీసేయండి. మిగిలిందే క్యాబినెట్, కూలర్ కలిసి చేసిన పని.

గాలి ఎంత కావాలన్నదానికీ ఒక సూత్రం ఉంది. లోపల ఖర్చయ్యే వాట్లను 1.76తో హెచ్చించి, నిమిషానికి పారే గాలి ఎన్ని ఘనపుటడుగులో దానితో, అంటే సీఎఫ్‌ఎంతో, భాగిస్తే లోపలి గాలి సగటున ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో వస్తుంది. ఆట ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతావి కలిపి 350 వాట్లు అనుకుందాం. 40 సీఎఫ్‌ఎం పారితే పదిహేను డిగ్రీలు పెరుగుతుంది. 80 అయితే ఎనిమిది లోపు. 120 అయితే అయిదు. మొదటి 40 జోడిస్తే దాదాపు ఎనిమిది డిగ్రీలు కలిసొచ్చాయి, తర్వాతి 40కి రెండున్నరే. ఏడో ఫ్యాను, ఎనిమిదో ఫ్యాను కొనేవాళ్లు ఈ లెక్క చూసుకుంటే ఆ డబ్బుతో మంచి కూలర్ కొనుక్కుంటారు. ఇంకో సంగతి: ఫ్యాను డబ్బా మీద రాసిన సీఎఫ్‌ఎం అడ్డేమీ లేనప్పటిది. దుమ్ము ఆపే జల్లెడ, చిల్లుల రేకు, వైర్ల మోపు దాటేసరికి అందులో సగం మిగిలితే మేలే.

ఇప్పుడు పెట్టె. ఎత్తు 466, లోతు 453, వెడల్పు 230 మిల్లీమీటర్లు. ప్రాసెసర్ కూలర్ 170 మి.మీ. ఎత్తు దాకా పడుతుంది. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155, ఏకే620 ఎత్తు 160, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 కాబట్టి ఏదీ పక్కనున్న అద్దపు తలుపుకు తగలదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు 360 మి.మీ. వరకు అని కంపెనీ చెబుతుంది. ముందువైపు నీళ్ల కూలర్ రేడియేటర్ పెట్టే ఆలోచన ఉంటే దాని మందం 27, ఫ్యాను మందం 25, మొత్తం 52 మి.మీ. లెక్కలోకి తీసుకుని టేపు పెట్టి కొలిచాకే కార్డు కొనండి. మదర్‌బోర్డు పలక వెనక వైర్లకు 25 మి.మీ. జాగా, కట్టుకోవడానికి వెల్క్రో పట్టీలు ఉన్నాయి. ఈ ధరలో ఇంత శుభ్రంగా వైర్లు సర్దుకోనిచ్చేవి ఎక్కువ లేవు. వైర్లు సర్దితే వేడి తగ్గుతుందన్న నమ్మకం మాత్రం పెద్దగా నిజం కాదు. ముందు ఫ్యాన్లకు అడ్డంగా మోపు కట్టి పడేస్తే తప్ప తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. సర్దాల్సింది దుమ్ము తుడవడం తేలిక అవుతుందని.

లోపాలు మూడు. వచ్చే ఫ్యాన్లు రెండే, ముందొకటి, వెనకొకటి. అవి కూడా నెమ్మదిగా తిరిగే మూడు పిన్నుల రకం. పైన యూఎస్‌బీ మామూలుది ఒకటి, సీ రకం ఒకటి, అంతే. కీబోర్డూ మౌసూ వెనక పెట్టుకుని, పెన్‌డ్రైవ్ ముందు పెడితే ఇక ఖాళీ లేదు. మూడోది, పై కప్పుకు 240 మి.మీ. రేడియేటర్ బిగించాలంటే పొడుగాటి లైట్ల ర్యామ్ అడ్డొస్తుంది. ర్యామ్ ఎత్తు చూసుకోకుండా రెండూ కొంటే ఒకటి వెనక్కి పంపాల్సిందే.

మొదటి మార్పు ఫ్యాన్లు. ముందు మూడు 120 మి.మీ. ఫ్యాన్లు పడతాయి, లేదా రెండు 140 మి.మీ.వి. వచ్చిన రెండు ఫ్యాన్లనూ గాలి బయటికి పంపే పనికి మార్చండి. ఒకటి వెనకే ఉంది. ముందున్నదాన్ని తీసి పై కప్పులో వెనక గడికి బిగించండి. ముందు కొత్తగా మూడు ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ పెట్టండి. నిమిషానికి 1800 చుట్లు (ఆర్‌పీఎం), 56.3 సీఎఫ్‌ఎం, గాలిని నెట్టే పీడనం నీటి మట్టం లెక్కలో 2.2 మి.మీ. ఇక్కడ చూడాల్సింది పీడనమే. జల్లెడ వెనక నిలబడి గాలి లాగాలంటే సీఎఫ్‌ఎం కంటే పీడనం ఉండాలి. పీఎస్‌టీ అంటే ఒక ఫ్యాను వైరుకే ఇంకోటి తగిలించుకోవచ్చు. మదర్‌బోర్డు మీద ఒక్కో ఫ్యాను పిన్నుల గూడు సాధారణంగా ఒక ఆంపియర్ మోస్తుంది, ఈ మూడూ ఒకే గూటికి నిశ్చింతగా సరిపోతాయి. పీ12లతో ఒక చికాకు ఉంది: వెయ్యి ఆర్‌పీఎం అటూఇటూగా తుమ్మెద రొదలాంటి శబ్దం. చెవికి తగులుతుంటే వేగాన్ని ఆ అంకె దగ్గర నిలవనీయకుండా 850 నుంచి నేరుగా 1150కి దూకేలా పెట్టుకోండి.

పై కప్పులో ముందు గడిలో బయటికి పంపే ఫ్యాను పెట్టకండి. ముందు ఫ్యాన్లు లోపలికి తెచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ కూలర్ దాకా పోనీయకుండా దారిలోనే పైకి లాగేస్తుంది. ఆ గడిని ఖాళీగా వదలడం కూడా దండగ. గాలి అటునుంచి చుట్టు తిరిగి పోతుంది. ప్లాస్టిక్ ఫైలు అట్టను గడి కొలతకు కత్తిరించి, పైన ఉన్న అయస్కాంతపు జల్లెడ కింద పరిస్తే సరి. ఖర్చు పది రూపాయలు. కొత్త ఫ్యాను కంటే ఇదే మేలు చేసే సందర్భాలున్నాయి.

ఫ్యాను ఏ వైపు తిప్పి బిగించాలో తెలియక తప్పు చేసేవాళ్లు తక్కువేం కాదు. నడుమ స్టిక్కరు, దాన్ని పట్టుకున్న నాలుగు పుల్లలు కనిపించే వైపు గాలి బయటికి వస్తుంది. అంటే ముందు ఫ్యాన్ల పుల్లలు లోపలికి చూడాలి, వెనక ఫ్యాను పుల్లలు గోడవైపు చూడాలి. బిగించాక అనుమానం ఉంటే అగరుబత్తి వెలిగించండి. ముందు రేకుకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంటే పొగ నిటారుగా లేవకుండా చిల్లుల్లోకి వంగాలి. వెనక పట్టుకుంటే చెదిరి మీవైపు రావాలి. అదే బత్తిని అద్దం అంచు వెంట, కార్డుల వెనక ఖాళీ గడుల దగ్గర నెమ్మదిగా నడిపించండి. పొగ ఎక్కడ లోపలికి పోతుందో అక్కడ జల్లెడ లేని దారి ఉన్నట్టు, దుమ్ము కూడా అక్కడినుంచే వస్తున్నట్టు. లోపలికి పంపే ఫ్యాన్లు బయటికి తోడేవాటికంటే కాస్త ఎక్కువ బలంగా ఉంటే ఈ సందులన్నింట్లోంచీ గాలి బయటికే వస్తుంది. ముందు మూడు, బయటికి రెండు అన్న ఏర్పాటు అందుకే. వెనక కార్డు గడుల రేకులు ఊడిపోయి ఉంటే వెంటనే మూయండి. బల్లులకూ బొద్దింకలకూ శీతాకాలంలో వెచ్చటి గ్రాఫిక్స్ కార్డు కంటే మంచి చోటు దొరకదు.

ఇక బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగులు. మూడు పిన్నుల ఫ్యాన్లను పీడబ్ల్యూఎం (నాలుగో పిన్ను ద్వారా వేగం చెప్పే) పద్ధతిలో వదిలేస్తే అవి ఎప్పుడూ నిండు వేగంతోనే తిరుగుతాయి. వాటి గూటిని డీసీ (వోల్టేజి మార్చి వేగం మార్చే) పద్ధతికి మార్చండి, నాలుగు పిన్నులవాటిని పీడబ్ల్యూఎంలో ఉంచండి. క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడికి ముడిపెట్టడం చాలామంది చేసే పొరపాటు. బ్రౌజర్ తెరిస్తే చాలు ప్రాసెసర్ రెండు సెకన్లు 70కి ఎగిరి దిగుతుంది, ఫ్యాన్లు గుర్రుమని అరిచి ఊరుకుంటాయి. పెట్టెలో వేడి పోసేది గ్రాఫిక్స్ కార్డు. ఉచితంగా దొరికే ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ముందు ఫ్యాన్లను కార్డు వేడికి ముడిపెట్టండి: 50 డిగ్రీల దాకా 35 శాతం, 65 దగ్గర 60, 75 దాటితే 80. వంద శాతం జోలికి పోవద్దు. పైన చెప్పిన లెక్కలాగే చివరి ఇరవై శాతం మోతే తప్ప చలవ కాదు.

ముందు రేకు వెనకున్న జల్లెడ తీసేయాలా అని అడుగుతుంటారు. తీస్తే ఒకటి రెండు డిగ్రీలు తగ్గే మాట నిజమే. కానీ రోడ్డువైపు కిటికీ ఉన్న ఇంట్లో రెండు నెలల్లో కూలర్ రెక్కల మధ్య పీచులాంటి దుమ్ము పేరుకుని, తగ్గిన రెండుకు బదులు ఆరు పెరుగుతుంది. ఉంచండి.

అసలు పాత క్యాబినెటే ఉంది, కొత్తది కొనే ఆలోచన లేదు అనేవాళ్లు ముందొక పరీక్ష చేయాలి. గది వేడి కొలిచి రాసుకోండి. ఏదైనా బరువైన ఆటనో, గ్రాఫిక్స్ కార్డుకు పూర్తి పని పెట్టే ఫర్‌మార్క్‌నో ఇరవై నిమిషాలు నడిపి, వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో కార్డు, ప్రాసెసర్ అంకెలు చూడండి. తర్వాత ముందు మూతి ఊడదీసి అలాగే మళ్లీ ఇరవై నిమిషాలు. తేడా మూడు డిగ్రీల లోపే ఉంటే తప్పు క్యాబినెట్‌ది కాదు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు ఎండిపోయిందేమో, రెక్కలు దుమ్ముతో పూడిపోయాయేమో చూడండి. ఏడు దాటితే మూతి కోయాల్సిందే. మధ్యలో ఉంటే ముందు ఫ్యాన్లు మార్చి చూడొచ్చు.

కోసేముందు మదర్‌బోర్డు, కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, డిస్కులు అన్నీ బయటికి తీయండి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. ఇనుప రజను ఒక్క నలుసు మదర్‌బోర్డు పిన్నుల మధ్య పడితే బోర్డు పోతుంది, రజను పడితే వారంటీ మాట ఎవరూ వినరు. ముందు మూతి లోపలి గుబ్బలు నొక్కితే ఊడుతుంది, పవర్ బటన్ వైర్లు దానికే అతుక్కుని ఉన్నాయేమో చూసి లాగండి. కోయాల్సిన చోటంతా రంగుల దుకాణంలో దొరికే మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయండి. రంగు పెచ్చులు లేవవు, గీత కనబడుతుంది. 120 ఫ్యానుకు మర రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 140 ఫ్యానుకు 124.5. గాలి కోసం కోసే గుండ్రం 120కి 115 మి.మీ. డ్రిల్లుకు బిగించి గుండ్రంగా కోసే నాలుగున్నర అంగుళాల హోల్ సా, అంటే 114 మి.మీ.ది, సరిగ్గా సరిపోతుంది. అయితే డ్రిల్లును నెమ్మది వేగంలోనే తిప్పాలి. వేగంగా తిప్పితే రేకులో పళ్లు ఇరుక్కుని మణికట్టు మెలితిరుగుతుంది. ప్లాస్టిక్ మూతి అయితే కరిగి మళ్లీ వెనకే అతుక్కుంటుంది. యాంగిల్ గ్రైండర్‌తో గుండ్రం కోయాలని చూడకండి, అది తిన్నని గీతలకే. దానితో చేయాలంటే నలుచదరపు కిటికీ కోసి, మూలల్లో ముందుగా 6 మి.మీ. రంధ్రాలు వేసుకోండి, కోత గీత దాటిపోదు. కంటికి అద్దాలు తప్పనిసరి.

కోసిన అంచు బ్లేడులా ఉంటుంది. అర్ధచంద్రాకారపు ఆకురాయితో రాసి, వేలు తిప్పితే గీసుకోనంత నున్నగా చేయాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఆ రాపిడి అంచుకు మెటల్ ప్రైమర్ పూయకుండా వదిలితే ఒక్క వర్షాకాలానికి తుప్పు పడుతుంది. కారు డోర్లకు వేసే యూ ఆకారపు రబ్బరు బీడింగ్ ఆటోమొబైల్ దుకాణాల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు. దాన్ని అంచుకు తొడిగితే పని కంపెనీలో చేసినట్టు కనిపిస్తుంది.

కిటికీకి వేసే చిల్లుల రేకు ఎంపికలోనే అసలు పొరపాటు జరుగుతుంది. బయటికి అందంగా కనిపించే రేకులో గాలికి దారి ఎంతో లెక్క వేయండి. తేనెపట్టులా ఒక వరసకు పక్క వరస సగం జరిగిన గుండ్రటి చిల్లులుంటే, చిల్లు వ్యాసాన్ని రెండు చిల్లుల నడుమల మధ్య దూరంతో భాగించి, వర్గం చేసి, 0.907తో హెచ్చించాలి. 2 మి.మీ. చిల్లు 3 మి.మీ. దూరంలో ఉంటే తెరుచుకున్న భాగం 40 శాతం. 3 మి.మీ. చిల్లు 4 మి.మీ. దూరంలో ఉంటే 51 శాతం. యాభైకి తక్కువైనది తీసుకోవద్దు. దాని వెనక కిటికీలకు వేసే ఫైబర్ దోమల జాలి ఒక్క పొర చాలు. పీచు, వెంట్రుకలు ఆగుతాయి, సన్నటి దుమ్ము పోతుంది, అది పోనీయండి. రెండు పొరలు వేస్తే కోసిన శ్రమంతా వృథా. రేకును అరాల్డైట్ లాంటి రెండు గొట్టాల జిగురుతో అంటించండి. గన్‌తో వేసే వేడి జిగురు మే నెలలో మెత్తబడి, ఏ అర్ధరాత్రో రేకు ఊడి టంగుమంటుంది. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదలండి.

వెనక ఫ్యాను దగ్గర పాత క్యాబినెట్లలో రేకులోనే పొడిచిన సన్నటి గీతల జాలీ ఉంటుంది. దాన్ని కోసేసి తీగ గార్డు బిగిస్తే హోరు తగ్గుతుంది. తేనెపట్టు గడుల జాలీ ఉన్న కొత్త పెట్టెలకు ఈ పని అక్కర్లేదు, 4000డికి అసలే వద్దు.

చవకలో 'నాలుగు లైట్ల ఫ్యాన్లు ఉచితం' అనే క్యాబినెట్ల గురించి ఒక్క మాట. ఆ ఫ్యాన్లు చాలావాటిలో ఆరు పిన్నుల సొంత ప్లగ్గులతో ఒక చిన్న పెట్టెకు తగులుతాయి. వేగం మార్చలేం. ఆ పెట్టె చచ్చిన రోజు నాలుగూ ఒక్కసారే ఆగిపోతాయి, వేరే చోట తగిలించడానికి ప్లగ్గు సరిపోదు. కొనేముందు మూడు లేదా నాలుగు పిన్నుల మామూలు ప్లగ్గు ఉందో లేదో అడగండి. లైట్ల వైరు విషయంలోనూ జాగ్రత్త: అయిదు వోల్టుల మూడు పిన్నుల లైట్లను పన్నెండు వోల్టుల నాలుగు పిన్నుల గూటికి బలవంతంగా గుచ్చితే ఒక్క మెరుపుతో పోతాయి.

ఇంత చేసీ దాన్ని కంప్యూటర్ టేబుల్ కింద 'సీపీయూ గూడు'లో దూర్చేవాళ్లున్నారు. మూడు పక్కలా చెక్క, వెనక రెండంగుళాల సందు. వెనకనుంచి వచ్చిన వేడిగాలి గూడు చుట్టూ తిరిగి మళ్లీ ముందు చిల్లుల్లోకే పోతుంది. ఏ ఫ్యానూ దాన్ని సరిచేయలేదు. గూడు వెనక చెక్క కోసేయండి, లేదా పెట్టెను బయట పెట్టి గోడకు జానెడు దూరం ఉంచండి. నేల మీద పెడితే చీపురు రేపిన దుమ్మంతా ఎస్‌ఎంపీఎస్ కింది జల్లెడకే. చక్రాల స్టాండు మీదో, రెండు ఇటుకల మీదో అయినా ఎత్తుగా పెట్టండి. ముందు రేకు ముట్టుకుంటే వేళ్లకు చిమచిమ తగులుతోందా? అది క్యాబినెట్ తప్పు కాదు, ఇంటి ప్లగ్గుకు ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

జల్లెడలు నెలకొకసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి కడగండి. ముందుది అందరికీ గుర్తుంటుంది, కిందిది ఎవరికీ గుర్తుండదు. పంపు కింద వెనకవైపు నుంచి నీళ్లు పోస్తే దుమ్ము వచ్చిన దారినే పోతుంది. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది. బ్లోయరుతో లోపల ఊదేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. ఆ గాలికి అది తయారైన వేగానికి మించి తిరిగితే బేరింగు అరుగుతుంది, తర్వాత జీవితాంతం కిర్రుమంటూనే ఉంటుంది.